చలికి మొరాయించు డీజిలు లారీ

శీతకాలపు వేకువజామున, ముందునాటి సాయంకాలము వరకు ఏ చిక్కును పెట్టక బరువు మోసిన పాత లారీ, తాళము త్రిప్పగానే ఒకటి రెండు మారులు మూలిగి ఊరకుండిపోయినచో, ప్రక్కన నిలిచి చేతులు రుద్దుకొనుచున్న డ్రైవరు మొట్టమొదట నిందించునది చలిని. ఆ నింద కొంతవరకు న్యాయమే. ఐనను చలి తనంతట తాను ఇంజనులో క్రొత్త లోపమును పుట్టించుట అరుదు; అరిగిన రింగులు, తుప్పుపట్టిన ఎర్త్ తీగ, గాలి పీల్చు వాషరు, నీరసించిన బ్యాటరీ మున్నగు పాత లోపములు ఎండకాలమంతయు మరుగున నుండగా, వానినన్నిటిని ఒక్క రాత్రిలో వెలికి తెచ్చుటయే అది చేయు పని. కావున చలిలో మొరాయించిన లారీని బాగుచేయ బూనినవాడు చేతికి దొరికిన భాగమునెల్ల మార్చుచు పోవుటకంటె, ఇంజను రగులుకొనుటకు ఏమేమి కావలెనో, వానిలో ఆనాడు కొరవడినదేదో, క్రమముగా విచారించుట మేలు. ఈ విచారణకు గొప్ప యంత్రశాల అక్కరలేదు. చెవి, కన్ను, ఒక చిన్న వోల్టుమీటరు, నాలుగు స్పానర్లు చాలును.

ఈ కష్టము యొక్క నిజస్వరూపము తెలియగోరువారు లడఖు వైపు చూడవలెను. శ్రీనగరమునుండి లేహ్ పట్టణమునకు పోవు మార్గమున, జోజిలా కనుమ దాటిన పిమ్మట వచ్చు ద్రాస్ అను ఊరు సముద్రమట్టమునకు సుమారు 3,300 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట నడిశీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 20 డిగ్రీలను దాటిపోవుట ఏటేట జరుగునదే. శ్రీకాకుళము మొదలుకొని రాయలసీమ వరకు పెక్కు పల్లెలనుండి సైన్యమున చేరి ఆ కొండలలో కాపుకాచిన మనవారికి ఆ చలి అపరిచితము కాదు. మన ఆదిలాబాదు, లంబసింగి ప్రాంతములలో చలి ఆ మేరకు పోదు. ఐనను, ఏడెనిమిది డిగ్రీల వేకువలో ఒక ముసలి లారీ రగులుకొనుటకు పట్టు కాలమునకును, అదే లారీకి మే నెలలో పట్టు కాలమునకును గల భేదమును గమనించినవానికి, లడఖులో పెద్దయెత్తున జరుగునది ఇక్కడనే బీజరూపమున కానవచ్చును.

పెట్రోలు ఇంజనునకు నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గు కలదు; డీజిలు ఇంజనునకు అట్టి సాధనము లేదు. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి గట్టిగా నొక్కినపుడు పంపు గొట్టము వెచ్చబడుటలో ఏ ప్రకృతి ధర్మము గలదో, ఆ ధర్మము నొక్కదానినే నమ్ముకొని అది పనిచేయును. పిస్టను పైకి లేచుచు సిలిండరునందలి గాలిని దాని మొదటి పరిమాణములో సుమారు పదునేడవ వంతునకు కుదించును. ఆ కుదింపులో గాలి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి నాజిల్ డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే, వేరొకరు అంటించు పని లేకయే అది మండును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1893లో ఈ పద్ధతికి పేటెంటు పొంది, ఔగ్స్‌బర్గు యంత్రశాలలో ఏండ్ల తరబడి శ్రమించి, ఇంధనమునందలి శక్తిలో నాలుగవ వంతునకు మించి పనిగా మార్చగల ఇంజనును 1897లో చూపినపుడు, ఆనాటి ఆవిరియంత్రములలో మేలైనవియు దానికి చాల దిగువననే నిలిచినవి. ఐతే ఆ తొలి ఇంజను ఇంధనమును చిమ్ముటకు అధిక పీడనముగల గాలిని వాడెడిది, ఆ గాలిని సిద్ధపరచు యంత్రపు బరువు లారీలకు తగినది కాదు. డీజిలును మాత్రమే నొక్కి చిమ్ము చిన్న పంపులను బాష్ సంస్థ 1927లో పెద్దయెత్తున తయారుచేయ మొదలుపెట్టిన పిమ్మట డీజిలు లారీ లోకమున స్థిరపడినది. 1951లో బెంగుళూరున వెలసిన మైకో సంస్థ పంపులును ఆ వంశమునకు చెందినవే. మన పాత లారీల ప్రక్కకు వంగి చూచినచో నేటికిని అవి కనబడుచుండును.

గాలి వేడెక్కుటలో మనము సాధారణముగా గమనింపని విశేష మొకటి కలదు. అది కూడిక లెక్కన గాక గుణకారపు లెక్కన జరుగును. మంచు కరగు బిందువునకు 273 డిగ్రీల దిగువనుండి కొలుచు పరమ ఉష్ణోగ్రతను తీసికొన్నచో, ఆరోగ్యముగల ఇంజనును చురుకుగా త్రిప్పినపుడు కుదింపు తుదిని అది సుమారు రెండున్నర రెట్లగు ననుకొందము. బయట 27 డిగ్రీలున్న దినమున పరమ మానమున అది 300. కుదింపు తుదిని 750, అనగా మన మామూలు కొలతలో 477 డిగ్రీలు. సున్నకు దిగువ 20 డిగ్రీలున్న దినమున మొదటి సంఖ్య 253, తుది సంఖ్య 632, అనగా 359 డిగ్రీలు. బయట తగ్గినవి 47 డిగ్రీలే, లోపల తగ్గినవి దాదాపు 118! ఇక అదే ఇంజను రింగులు అరిగి, బ్యాటరీ చాలక, మెల్లమెల్లగా తిరిగెనేని, కొంత గాలి రింగుల ప్రక్కగా క్రిందికి జారిపోవును. మిగిలిన గాలి వేడిని చుట్టునున్న చల్లని ఇనుము పీల్చుకొనును. గుణకము రెండున్నరనుండి రెండింటికి పడిపోవును. అట్టి ముసలి ఇంజనులో 27 డిగ్రీల దినమున 327 డిగ్రీలును, చలి దినమున 233 డిగ్రీలును మాత్రమే లభించును. తీరికగా వేచియుండినచో డీజిలు 210, 250 డిగ్రీల నడుమ తనంతట అంటుకొనును; కాని ఇంజను దాని కిచ్చు గడువు సెకనులో నూరవ వంతు వంటిది గనుక, అంతకు ఎంతో మించిన వేడి కావలెను. వేసవిలో ఒక్క త్రిప్పునకే పలికిన లారీ పుష్యమాసమున పలుకకుండుటకు మూలము ఈ లెక్కలోనే యున్నది. వేగము తగ్గినచో వేడి తగ్గుననియు, వేడి తగ్గినచో మంట పుట్టదనియు గ్రహించినవాడు, మొదట చూడవలసినది తిరుగు వేగమునే యని తానే నిశ్చయించుకొనగలడు.

సెల్ఫు పట్టినపుడు ఇంజను నిమిషమునకు నూరు నూటయేబది చుట్లైనను తిరుగవలెను. చెవికి అలవాటైన ఆ లయ తగ్గి, ఒక్కొక్క కుదింపు వద్ద ఆగి ఆగి, ఈడ్చుకొనుచు తిరుగుచున్నదేని, నాజిళ్ళను విప్పుటకు ఇంకను సమయము రాలేదని తెలిసికొనవలెను. సీసపు బ్యాటరీ రసాయన చర్య చేత విద్యుత్తు నిచ్చునది. చలి ఆ చర్యను మందగింపజేయును. సున్నకు దిగువ 18 డిగ్రీల వద్ద మంచి బ్యాటరీ కూడ తన మామూలు సత్తువలో సుమారు సగమే ఈయగలదు, ఇంజను కోరునది మాత్రము ఆ చలిలో రెట్టింపు కావచ్చును. పాత లారీలలో పెక్కింటికి రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు రాబట్టుదురు; ఇట్టి జంటలో ఒకటి చెడినను రెండవదాని బలమును అది హరించును. కావున వోల్టుమీటరును జంట మొత్తమునకు గాక, ఒక్కొక్కదానికి విడివిడిగా పెట్టి చూడవలెను. విశ్రాంతిగా నున్నపుడు 12.6 వోల్టులు నిండుదనమునకు గుర్తు. సెల్ఫు తిరుగుచుండగా ఒకటి పదింటి వద్ద నిలిచి, రెండవది ఎనిమిదింటికి జారినచో దోషి ఎవరో తేలిపోయినది. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. నిండు బ్యాటరీలోని ఆసిడ్ సున్నకు దిగువ 50 డిగ్రీల వద్దను గడ్డకట్టదు. ఛార్జి పూర్తిగా దిగిన దానిలో మిగులునది చాలవరకు నీరే గనుక, సున్నకు దిగువ పది డిగ్రీల ప్రాంతముననే మంచుగా మారగలదు. ప్రక్కలు ఉబ్బిన, లోపల మంచు కనబడిన బ్యాటరీకి వేరొక లారీ బ్యాటరీనుండి తీగలు తగిలించుట ప్రాణాపాయకరము, అది ప్రేలును.

బ్యాటరీలు రెండును బాగుగా నుండియు ఇంజను ఈడ్చుచున్నచో, తీగలను చూడవలెను. నా అనుభవమున ముసలి లారీల నిందలలో సగము బ్యాటరీ మీద పడుచుండగా, దోషము మాత్రము ఎర్త్ తీగయందుండుట తరచుగా కనబడుచుండును. ఇంజనునకును ఛాసిస్సునకును నడుమ నుండు అల్లిక పట్టీ నూనెలో, దుమ్ములో, నీటిలో ఏండ్ల తరబడి నాని, పైకి నిండుగా కనబడుచునే లోపల తెగిపోవును. సెల్ఫు తిరుగుచుండగా వోల్టుమీటరు ఒక కొసను ఇంజను ఇనుముమీదను, రెండవ కొసను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీదను ఆనించినచో, అర వోల్టునకు మించి చూపరాదు. మించినచో అంత విద్యుత్తు ఆ దారిలో వృథా అగుచున్నదన్నమాట. మీటరు లేనివాడు పది సెకనులు సెల్ఫు త్రిప్పించి, వెంటనే ఒక్కొక్క అతుకును చేతితో తాకి చూచునది. గడ్డకట్టు చలిలో వెచ్చగా తగిలిన అతుకే చెడినది.

తీగలును నిర్దోషులైనచో, ఇక ఇంజనాయిలు. డబ్బా మీద 20డబ్ల్యు, 15డబ్ల్యు అని వ్రాసియుండు అంకెలలోని డబ్ల్యు శీతకాలపు కొలతకు గుర్తు. 15డబ్ల్యు నూనె సున్నకు దిగువ 20 డిగ్రీల వద్ద ఏడువేల మిల్లీపాస్కల్ సెకనులకు మించి చిక్కపడరాదని నియమము. మామూలు నీటి చిక్కదనము ఆ కొలతలో ఒకటి మాత్రమే యని తలచినచో, నియమమునకు లోబడిన నూనె కూడ ఎంత మొండిదో ఊహింపవచ్చును. మైదానపు వేడికి తగినదని పోసిన ఏక శ్రేణి 40 నూనె అట్టి చలిలో పిస్టన్లను, బేరింగులను పట్టి బిగించును. ఎంత గొప్ప బ్యాటరీయు దానిని గెలువజాలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున రష్యనులు తమ టి-34 ట్యాంకుల డీజిలు ఇంజనులకు విద్యుత్తు సెల్ఫుతో పాటు, సంపీడిత వాయువును సిలిండర్లలోనికి వదలి త్రిప్పు ఏర్పాటును గూడ చేసికొనుటకు కారణము, ఒక్క బ్యాటరీని నమ్ముకొని అచ్చటి శీతకాలమును దాటలేమన్న ఎరుకయే.

ఇప్పుడు ఇంజను చురుకుగా తిరుగుచున్నది, ఐనను రగులుకొనదు అనుకొందము. ఇట్టి సమయమున క్లీనరును సీటులో కూర్చుండబెట్టి, పొగగొట్టము వద్ద నిలిచి చూచుట కంటె ఉత్తమమైన పరీక్ష వేరొకటి లేదు. పొగ ఏమాత్రము రానిచో సిలిండర్లలోనికి డీజిలు చేరుటలేదు. తెల్లని లేక బూడిదవన్నె పొగ ఘాటైన వాసనతో వచ్చుచున్నచో, డీజిలు చేరుచున్నది, మంటకు చాలిన వేడి లేదు. ఈ రెండు దారులును పూర్తిగా వేరు. ఒకదానిపై నడువవలసినవాడు రెండవదానిపై నడచినచో దినమంతయు వృథాయగును. పొగ లేని లారీకి సిలిండరు హెడ్డు విప్పించిన మెకానిక్కులును, తెల్లపొగ వచ్చు లారీకి ఫిల్టర్లు మార్చిన మెకానిక్కులును గలరు.

పొగ లేనిచో మొదట పంపు ప్రక్కనున్న స్టాప్ మీటను చేతితో కదిపి చూడవలెను. పాత లారీలలో ఇంజనును ఆపుటకు డ్రైవరు ఒక పిడిని లాగును. ఆ లాగుడు తీగ గుండ పోయి పంపును మూసివేయును. తీగ తొడుగులో చేరిన చెమ్మ రాత్రి గడ్డకట్టినచో, పిడిని వెనుకకు నెట్టినను మీట మూసిన చోటనే నిలిచిపోవును. కానీ ఖర్చు లేని ఈ పరీక్ష మొదట చేయదగినది. పెక్కు పాత పంపులు యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కిపట్టినపుడే మామూలుకంటె ఎక్కువ డీజిలును తొలి మంట కొరకు వదలును. కొన్నిటికి ఇందుకై ప్రత్యేకముగా మీట యుండును. దీనిని మరచి పెడలును సగము త్రొక్కి వేచియుండువారు తమ బ్యాటరీని తామే ఖాళీ చేసికొందురు.

మీట సరిగా నున్నచో అనుమానము డీజిలు మీదనే నిలుచును. ఈ భాగమున ప్రకృతి మనకు చూపు వైచిత్ర్యము చాల లోతైనది. డీజిలు ఒకే పదార్థము కాదు, వందలకొలది హైడ్రోకార్బనుల మిశ్రమము. అందులో కొమ్మలు లేక నిడుపుగా సాగిన గొలుసులవంటి పారఫిన్లు అన్నిటికంటె సులభముగా మండును. డీజిలు గుణమును కొలుచు సీటేను సంఖ్యకు పేరిచ్చిన సీటేను ఈ జాతిదే. దాని సంఖ్యను నూరుగా నిర్ణయించి, మిగిలినవానిని దానితో పోల్చి చూతురు. ఐతే ఆ శుద్ధ సీటేను 18 డిగ్రీల వద్దనే గడ్డకట్టును! మంటకు మేలు చేయు అణువులే చలికి మొదట లొంగునవి. మిశ్రమములో కరగియున్నంత కాలము అవి ద్రవముగనే యుండును గాని, చలి పెరిగిన కొలది ఒక్కొక్కటిగా విడివడి సన్నని మైనపు పలుకులుగా తేలును. మొదట డీజిలు మబ్బుపట్టినట్లు మసకబారును. పిమ్మట ఆ పలుకులు ఫిల్టరు కాగితముపై పేరుకొని దారిని మూయును. తుదకు డీజిలు మొత్తము జావగట్టును. గమనింపవలసిన దేమనగా, ట్యాంకులోని డీజిలు ఇంకను ప్రవహించుచుండగానే ఫిల్టరు మూసికొనిపోవచ్చును. అందువలన ట్యాంకులో కడ్డీ ముంచి చూచి, ద్రవముగనే యున్నదని తృప్తిపడినవాడు మోసపోవును.

భారతీయ ప్రమాణముల ప్రకారము డీజిలు ఫిల్టరును మూయు ఉష్ణోగ్రత శీతకాలమున 6 డిగ్రీలకు, వేసవిలో 18 డిగ్రీలకు మించరాదు. ప్రవాహము నిలిచిపోవు ఉష్ణోగ్రతకు ఆ అవధులు 3, 15 డిగ్రీలు. బంకులలో దొరకునది తరచుగా ఈ అవధులకంటె మేలైనదే యుండును. ఐనను మన దేశపు డీజిలు ఏ వాతావరణమును మనసున నుంచుకొని తయారగునో ఈ అంకెలే చెప్పుచున్నవి. విజయవాడలో, నాగపూరులో, జమ్మూ మైదానమున ఏ దోషమును ఎరుగని డీజిలును ట్యాంకు నిండ పోసికొని కనుమ నెక్కిన లారీ, ఆ రాత్రి ద్రాస్‌లో ఆగినచో తెల్లవారునప్పటికి ఏ స్థితిలో నుండునో వేరుగ చెప్పనక్కరలేదు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ పానిపట్టు శుద్ధికేంద్రమునుండి, సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు ప్రవహించు ప్రత్యేక శీతకాలపు డీజిలును లడఖునకు పంప మొదలుపెట్టుట అక్కడివారికి నిజముగా గొప్ప మేలు. అంతకు పూర్వము కిరసనాయిలు కలుపుటయే దిక్కు. కిరసనాయిలులోని గొలుసులు పొట్టివి గనుక మైనము త్వరగా విడివడదు. కాని దానివలన తగ్గు ఉష్ణోగ్రత కొద్ది డిగ్రీలు మాత్రమే, దానివలన వచ్చు నష్టమో చిన్నది కాదు. పంపులోని ప్లంజర్లకును వాని గొట్టములకును నడుమ సందు మిల్లీమీటరులో వెయ్యవ వంతుల లెక్కనుండును. ఆ సందులో జారుడు కలిగించు నూనె డీజిలే. పలుచని కిరసనాయిలు ఆ పనికి చాలదు. మైనమును అణచు మందులును అంగడిలో దొరకును. అవి పలుకులు ఏర్పడకముందు, వెచ్చని డీజిలులో కలిపిననే పనిచేయును. గడ్డకట్టిన పిమ్మట పోసిన మందు ట్యాంకులో పడియుండుటయే గాని, ఫిల్టరును తెరువదు. అప్పుడు చేయదగినది ఫిల్టరును విప్పి క్రొత్తది వేయుట, లేదా దానికి గుడ్డ చుట్టి వేడినీరు పోయుచు మైనమును మరల కరగించుట. మైనము వేడికి తిరిగి కరగును, డీజిలు చెడిపోలేదు.

డీజిలులోని నీటి సంగతియు ఇట్టిదే. ట్యాంకు అడుగున చేరిన నీరు, ఫిల్టరు గిన్నెలో పేరుకొన్న నీరు, మంచుబిళ్ళయై సన్నని గొట్టమును మూసివేయును. సగము ఖాళీగా నున్న ట్యాంకులోని తేమగాలి చల్లబడి ఈ నీటిని పెంచును గనుక, సాయంకాలమున ట్యాంకు నింపి నిలుపుటయు, వారమునకొకమారు గిన్నె అడుగు స్క్రూ విప్పి నీరు వదలుటయు మంచి అలవాట్లు. ఇక గాలి పట్టుట కలదు. రాగి వాషరో, రబ్బరు గొట్టమో చలికి ముడుచుకొని వెండ్రుకవాసి సందు ఇచ్చినచో, రాత్రియంతయు గొట్టములోని డీజిలు ట్యాంకులోనికి దిగజారి, దాని చోట గాలి చేరును. గాలి నొక్కుడునకు కుదించుకొనును గాని నాజిలును తెరువదు. ఫిల్టరు మీది స్క్రూను కొద్దిగా వదలుచేసి, హ్యాండ్ పంపును కొట్టుచు, బుడగలు లేని డీజిలు పారు వరకు వేచియుండి బిగింపవలెను. పిమ్మట పంపు మీది స్క్రూ వద్దను, అవసరమైనచో నాజిల్ గొట్టముల నట్ల వద్దను అదే పని చేయవలెను. ఈ క్రమమును తారుమారు చేసినచో ముందరి గాలి మరల వెనుకకు వచ్చును.

తెల్లపొగ వచ్చు లారీ కథ వేరు. డీజిలు చేరుచున్నది, వేడి చాలుటలేదు. మంట గదికి ముందొక చిన్న గది యుండు పాత ఇంజనులలో వేడి త్వరగా లోహమునకు పోవును గనుక, వానికి గ్లో ప్లగ్గులు పెట్టుదురు. పాతకాలపు అమరికలో ఇవన్నియు డాష్‌బోర్డుమీది ఎర్రబడు చుట్టతో సహా ఒకే వరుసలో నుండును. ఒక్కటి తెగినను అన్నియు చల్లబడును. డాష్‌బోర్డు చుట్ట ఎర్రబడలేదేని వరుసలో ఒకచోట తెగినదనుటకు అదియే సాక్ష్యము. డీజిలును నేరుగా సిలిండరులోనికి చిమ్ము ఇంజనులకు ప్లగ్గులు సాధారణముగా నుండవు. వానికి గాలి దారిలో చిన్న మంట పెట్టు సాధన మొకటి కొన్నిటియందు కలదు. ఇవి సరిగా నున్నను తెల్లపొగయే వచ్చుచున్నచో కుదింపును కొలువవలెను. ఒక్కొక్క సిలిండరు నాజిలును తీసి, ఆ చోట మీటరు బిగించి చూచినపుడు, అంకెల మొత్తముకంటె వాని నడుమ భేదము ఎక్కువ తెలుపును: అన్నియు సమముగా తగ్గినచో వయసు అరుగుదల, ఒకటి మాత్రమే తగ్గినచో వాల్వు గాని, రింగు గాని, హెడ్ గ్యాస్‌కెట్టు గాని. టాపెట్లకు సందు లేక వాల్వు పూర్తిగా మూసికొనకుండుటయు తరచుగా కనబడు దోషమే. అది గంట పనితో తీరునది గనుక బోరు మాటకు ముందు దానిని చూడవలెను.

పంపు అరుగుదలకును ఇంజను అరుగుదలకును భేదము తెలిపెడి గుర్తొకటి మెకానిక్కులకు మిక్కిలి ఉపకరించును. రింగులు అరిగిన ఇంజను చలిలో మొరాయించి, వేడెక్కిన పిమ్మట సులభముగా పలుకును. పంపు ప్లంజర్లు అరిగిన ఇంజను తద్విరుద్ధముగా, ఉదయము చిక్కని డీజిలుతో పలికి, మధ్యాహ్నము వేడిమీద ఆపినచో పలుచబడిన డీజిలు సందులగుండ జారిపోవుటచేత మొరాయించును. ఎత్తైన ప్రదేశములలో మరియొక కష్టము తోడగును: లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తుననుండుటచేత అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరపు ఒత్తిడిలో మూడింట రెండు వంతులే. కుదించిన గాలి వేడి అంతగా మారకున్నను, దాని సాంద్రత తగ్గుటచేత డీజిలు అంటుకొనుటకు ఎక్కువ సేపు పట్టును. తీరమున పలుకు ఇంజను అక్కడ తెల్లపొగ మాత్రము చిమ్ముట ఇందువలననే.

ఓపిక నశించినవారు చేయు పనులు కొన్ని కలవు. వానిని గురించి మెత్తగా మాటలాడుట తగదు. గాలి దారిలోనికి ఈథరు చిమ్మినచో అది డీజిలు రాకముందే, పిస్టను ఇంకను పైకి లేచుచుండగానే ప్రేలి, కనెక్టింగ్ రాడ్డును వంచగలదు. గ్లో ప్లగ్గులు ఎర్రగానున్న ఇంజనులో అది ముఖముపైననే మండును. డీజిలులో పెట్రోలు కలిపినచో ట్యాంకులో నిలుచునది డీజిలు కాదు, నిప్పునకు ఎదురుచూచు ఆవిరి. ట్యాంకు క్రిందను, ఆయిలు చాంబరు క్రిందను కట్టెలు పేర్చి మంట పెట్టుట కొండదారులలో పాత ఆచారము. లారీతో పాటు మనుష్యులును కాలిన సందర్భములు ఆ ఆచారమునకు తక్కువ లేవు. వేడి కావలసినచో మంట లేని వేడిని వెదకవలెను: రేడియేటరులో యాంటీఫ్రీజు లేని లారీలకు రాత్రి నీటిని వదలివేసి, ఉదయము గోరువెచ్చని నీటితో మొదలిడి క్రమముగా వేడినీరు పోయుట, బ్యాటరీలను విప్పి గదిలోనికి తెచ్చుకొనుట, బానెట్టు మీద కంబళి కప్పుట, విద్యుత్తు దొరకు చోట ఇంజను దిమ్మెకు హీటరు అమర్చుట. సలసల కాగు నీటిని చల్లని ఇనుములో ఒక్కమారుగా పోసినచో దిమ్మె పగులును.

ఇంజను పలికిన పిమ్మట దానిని వెంటనే గర్జింపజేయరాదు. చిక్కని నూనె పై బేరింగుల వరకు చేరుటకు కొంత వ్యవధి పట్టును. ఆయిలు ప్రెషరు ముల్లు లేచు వరకు తక్కువ వేగమున నడువనిచ్చి, తెల్లపొగ పలుచబడిన పిమ్మట నెమ్మదిగా కదలవలెను. ఖాళీగా గంటసేపు నిలిపి నడపుటవలన డీజిలు ఇంజను సరిగా వేడెక్కదు, కొద్ది బరువుతో నడచిననే వేడెక్కును. మొదటి కొన్ని కిలోమీటర్లు జనసంచారము గల చోట నడచుట వివేకము. ఎందుకనగా రాత్రి ఫిల్టరు వెచ్చబరచి రగిలించిన లారీకి ట్యాంకులోని మైనము ఇంకను అట్లే యుండును. అది గొట్టము వెంబడి వచ్చి వచ్చి, మరల ఫిల్టరుపై పేరుకొని, ఊరు దాటిన రెండు మూడు మైళ్ళలో ఇంజనును మెల్లగా ఊపిరి ఆడకుండ చేసి ఆపివేయుట తరచుగా జరుగును. ఆ సమయమున డ్రైవరు సంచిలో నుండవలసినది క్రొత్త ఫిల్టరు, దానిని విప్పు స్పానరు, రెండు రాగి వాషర్లు.